రాయికోడ్‌ను ఒరుసుకుని పారే మంజీర

గోదావరిలో కుడివైపు నుంచి కలిసే ఉపనదుల్లో పొడవులోనూ, పరీవాహక విస్తీర్ణంలోనూ ముందు చెప్పుకోవలసినది మంజీర. మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటకను తాకి, తెలంగాణలో వంపు తిరిగి గోదావరిని చేరే ఈ నది పొడవు 724 కిలోమీటర్లు. దీని పరీవాహక ప్రాంతం, అంటే వాన కురిస్తే ఆ నీరు వాగులూ ఒర్రెల మీదుగా చివరికి ఈ నదిలోకే చేరే నేల, 30,844 చదరపు కిలోమీటర్లు. సంగారెడ్డి జిల్లా పడమటి కొసన, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న రాయికోడ్ మండలానికి ఉత్తర, ఈశాన్య దిక్కుల్లో మంజీర పారుతుంది. అవతలి ఒడ్డు మనూరు, నారాయణఖేడ్ వైపుది. పై రాష్ట్రాల నుంచి నదిగా వచ్చిన నీరు సింగూరు జలాశయపు వెనుక నీరుగా మారి నిలిచేది ఈ దాపులనే. నది నదిగా ముగిసి చెరువుగా మొదలయ్యే ఇలాంటి చోటు నుంచి చూసినప్పుడు మంజీర స్వభావం, దాని మీద మూడు రాష్ట్రాలు మోపిన భారం రెండూ తేటగా అర్థమవుతాయి.

పేరు విషయం మొదట చెప్పుకోవాలి. మరాఠీలో ఈ నదిని మాంజరా అంటారు, బీదర్ ప్రాంతంలో మాంజ్రా అంటారు, తెలుగులో మంజీర అయింది. మంజీరం అంటే కాలి అందె కాబట్టి తెలుగు కవులకు ఈ పేరు ఎంతో ఇష్టమైంది. సిద్దిపేటలో ఏర్పడిన సాహిత్య సంస్థ కూడా మంజీరా రచయితల సంఘం అనే పేరే పెట్టుకుంది. అయితే పురాణాల్లో సహ్యాద్రి నుంచి పుట్టిన నదులను గోదావరి, భీమరథి, కృష్ణవేణి అంటూ లెక్కించేటప్పుడు వాటి సరసన వంజుల అనే నది కూడా వస్తుంది, ఆ వంజులే నేటి మంజీర అని పరిశోధకులు గుర్తించారు. జనం నోట దీనికి ఇంకొక పేరు ఉంది, అది గరుడ గంగ. జనమేజయుడు చేసిన సర్పయాగంలో పడి కాలిన పాములకు సద్గతి కలగాలని గరుత్మంతుడు పాతాళంలోని భోగవతిని తెచ్చి ఈ నేల మీద పారించాడన్న స్థలపురాణమే ఆ పేరుకు మూలం. రాయికోడ్‌కు పొరుగునే ఉన్న న్యాల్‌కల్ మండలం రాఘవపూర్ దగ్గర పంచవటి క్షేత్రంలో కుంభమేళా పేరుతో జనం మంజీర స్నానాలకు చేరేది కూడా గరుడ గంగ అన్న ఈ భావనతోనే.

నది పుట్టుక మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో, బాలాఘాట్ కొండల్లో, గవల్‌వాడి అనే ఊరి దగ్గర జరుగుతుంది. సముద్రమట్టానికి 823 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ప్రాంతం పడమటి కనుమలకు తూర్పున, వానచాటు నేలలో ఉంది. అరేబియా సముద్రం నుంచి వచ్చే నైరుతి మేఘాలు కనుమలను ఎక్కుతూ అక్కడే చాలావరకు కురిసి, కొండ దాటేసరికి తేలికైపోతాయి. అలా కొండకు వెనుకపక్కన వాన తక్కువగా పడే ప్రాంతాన్ని వానచాటు అంటారు. కృష్ణ, భీమ, గోదావరి నేరుగా కనుమల్లోనే పుట్టి అక్కడి కుండపోత వానను వెంట తెచ్చుకుంటాయి. మంజీరకు ఆ భాగ్యం లేదు. అది మొదలంటా మరాఠ్వాడా మెట్ట మీద పడే కొద్దిపాటి వానతో బతికే నది, కాబట్టి ఒక ఏడు ఒడ్డులు తెంచుకుని పారుతుంది, మరొక ఏడు ఇసుక తేలి కనబడుతుంది. మంజీర గురించి ఏ లెక్క వేసినా, ఏ ప్రాజెక్టు తలపెట్టినా మొదట గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే. ఈ సంగతిని మరచిన ప్రతిసారీ ఎగువవారో దిగువవారో నష్టపోయారు.

కొండ దిగిన మంజీర తూర్పుగా, ఆపైన ఆగ్నేయంగా సాగుతుంది. బీడ్ జిల్లాలో ధనేగావ్ దగ్గర కట్టిన మాంజరా ఆనకట్ట లాతూర్ నగరానికి తాగునీటి ఆధారం. లాతూర్ జిల్లాలో కుడివైపు నుంచి తేర్నా నది వచ్చి కలుస్తుంది. 1993 సెప్టెంబరు 30న భూకంపం నేలమట్టం చేసిన కిల్లారి ఆ తేర్నా పరీవాహక ప్రాంతంలోదే. అక్కడి నుంచి కర్ణాటకలోని బీదర్ జిల్లాలో ప్రవేశించిన నదిలో కారంజ కలుస్తుంది. ఈ కారంజ కథ జహీరాబాద్ ప్రాంతం వారు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది, ఎందుకంటే అది పుట్టేది ఇక్కడే, కోహీర్ దగ్గర. జహీరాబాద్ పక్కన కొత్తూరు దగ్గర ఆనకట్ట కట్టిన నారింజ వాగు కూడా పడమటికే, కర్ణాటక వైపే వెళ్తుంది. అంటే కోహీర్ చేలల్లో కురిసిన చినుకు తూర్పున కనబడుతున్న మంజీర వైపు రాకుండా, పడమటికి తిరిగి బీదర్ జిల్లా అంతా చుట్టి, అక్కడ మంజీరలో కలిసి, తిరిగి తూర్పుకు వచ్చి రాయికోడ్ పక్కనుంచి పారుతుంది. బస్సులో గంట సేపు పట్టని దూరానికి నీరు రెండు రాష్ట్రాలు తిరిగి వస్తోంది.

దీనికి కారణం నేల తీరులో ఉంది. బీదర్ నుంచి జహీరాబాద్ వరకు పరుచుకున్నది ఒక ఎత్తైన బల్లపరుపు నేల. దీని అడుగున ఉన్నది నల్లరాయి, అంటే కోట్ల ఏళ్ల కిందట భూగర్భం నుంచి పొంగిన లావా పొరలు పొరలుగా గడ్డకట్టగా ఏర్పడిన బసాల్ట్. దాని పైభాగం ఎండకూ వానకూ యుగాల పాటు నాని, అందులోని ఇతర పదార్థాలు కరిగి కొట్టుకుపోగా, ఇనుమూ అల్యూమినియమూ మిగిలి ఎర్రని, గుల్లగుల్లగా ఉండే రాతిపొరగా మారింది. దీనినే లాటరైట్ అంటారు. ఈ ఎర్రరాయి వాన నీటిని లోపలికి పీల్చుకుంటుంది. కింద ఉన్న నల్లరాతి పొర దానిని అంత తేలికగా దిగనివ్వదు. అందువల్ల నీరు రెండు పొరల మధ్య అడ్డంగా జారి, పీఠభూమి అంచుల్లో ఊటలుగా బయటపడుతుంది. బీదర్‌లో పదిహేనవ శతాబ్దపు బహమనీలు నేల కింద సొరంగాలు తొలిచి నీటిని ఊళ్లోకి నడిపించిన కరేజ్ అనే ఏర్పాటు ఈ రాతి గుణాన్ని ఎరిగి చేసిందే. రాయికోడ్‌కు పొరుగున ఉన్న ఝరాసంగం ఊరి పేరులోనే ఝర ఉంది. అక్కడి కేతకీ సంగమేశ్వరాలయపు గుండం ఎంత పేరెన్నిక గన్నదో చుట్టుపక్కల మూడు భాషల వారికీ తెలుసు. ఈ అంచు ఊటలే వాగులకు ఊపిరి. వానలు వెనుకబట్టిన తరువాత కూడా కొన్నాళ్లు వాగులు పారుతున్నాయంటే, అది ఎర్రనేల దాచుకుని మెల్లగా వదిలిన నీరే. ఈ పీఠభూమికి మరొక విశేషం కూడా ఉంది. ఇది రెండు మహానదుల నడుమ గట్టు. దీని ఉత్తరపు వాలు మీది నీరు మంజీర ద్వారా గోదావరికి పోతే, దక్షిణపు వాలు మీది నీరు భీమ ద్వారా కృష్ణకు పోతుంది.

పీఠభూమి మీద ఎర్రనేల, దిగి నది దగ్గరికి వస్తే నల్లరేగడి. రాయికోడ్ మండలంలో నది ఒడ్డు పొలాల్లో నేల పగుళ్లు విచ్చినప్పుడు అందులో చేయి మోచేతి వరకు దిగుతుంది. వాన పడితే అదే నేల ఉబ్బి పగుళ్లు పూడ్చుకుని, కాలికి పట్టిన బురద విడవదు. ఈ నేల నీటిని నెలల తరబడి తనలో నిలుపుకోగలదు కాబట్టి, వానకాలం పోయాక మళ్లీ తడి పెట్టకుండానే యాసంగిలో తెల్లజొన్న, శనగ పండుతాయి. పత్తి, కంది, చెరకు ఇక్కడి మిగతా పంటలు. రేగడికి ఉన్న ఈ గుణాన్ని పెద్దలు బాగా ఎరిగి ఉన్నారు కాబట్టే నది పక్కన ఉన్నా నది నీటి మీద ఆధారపడకుండా వ్యవసాయం చేశారు. జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళా రైతులు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ద్వారా కొర్ర, సామ, జొన్న, పప్పుధాన్యాల పాత విత్తనాలను కాపాడుకుని పేరు తెచ్చుకున్నది కూడా ఈ నేలల మీదనే. నీరు తక్కువగా కావలసిన పంటలను వదులుకోకపోవడం మంజీర లాంటి నదికి ఎవరైనా చేయగల పెద్ద మేలు, దానికి తగిన గుర్తింపు ఇప్పటికీ రాలేదనే చెప్పాలి.

నాగల్‌గిద్ద, మనూరు, న్యాల్‌కల్ మండలాల వైపు నుంచి తెలంగాణలో అడుగుపెట్టిన మంజీర రాయికోడ్‌ను దాటి కొద్ది దూరం పోగానే సింగూరు ఆనకట్టకు చేరుతుంది. పుల్కల్ మండలంలోని సింగూరు దగ్గర 1979లో పనులు మొదలై 1989 నాటికి పూర్తయిన ఈ జలాశయం నిల్వ సామర్థ్యం దాదాపు 29.9 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. లీటర్లలో చెప్పుకుంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. పూర్తిగా నిండినప్పుడు దీని నీటిమట్టం సముద్రమట్టానికి 523.6 మీటర్లు. అటువంటి నీటి ఒడ్డున ఉండి కూడా జహీరాబాద్ ప్రాంతపు పొలాలు దశాబ్దాల పాటు ఆకాశం వైపే చూడవలసి రావడానికి కారణం ఈ అంకెలోనే ఉంది. పీఠభూమి మీది జహీరాబాద్ ఈ మట్టానికి సుమారు వంద మీటర్లు పైన ఉంది. నీరు పల్లానికి పారుతుంది కాబట్టి సింగూరు కాలువలు దిగువన అందోలు, పుల్కల్ వైపు పోయాయి; నలభై వేల ఎకరాలకు అక్కడ నీరందుతుంది. జలాశయం కోసం రేగడి పొలాలు మునిగినది మాత్రం ఎగువన, రాయికోడ్, మనూరు వంటి మండలాల రెండు ఒడ్డుల మీద. మునిగిన నేల ఒకచోట, తడిసిన నేల ఒకచోట అయింది. ఈ ప్రాజెక్టుకు జహీరాబాద్ ప్రాంతపు నాయకుడు, ఇక్కడి నుంచి అనేకమార్లు శాసనసభకూ, మెదక్ నుంచి లోక్‌సభకూ ఎన్నికైన ఎం. బాగారెడ్డి పేరు పెట్టారు. పేరు దక్కింది, నీరు మాత్రం పైకి ఎక్కలేదు.

ఎండాకాలం వచ్చి జలాశయం వెనక్కి తగ్గేకొద్దీ మునక నేల బయటపడుతుంది. చెరువు అడుగు భూమిని తెలంగాణలో శిఖం అంటారు. ఒండ్రు పట్టిన ఈ శిఖం భూముల్లో నీటి వెనకే నడుస్తూ విత్తడం ఒడ్డు ఊళ్లవారికి అలవాటు. మళ్లీ వరద వచ్చేలోగా పంట ఇల్లు చేరాలి. ఒక ఏడు వరద ముందే వస్తే కోతకు వచ్చిన చేను నీళ్లలో నిలుస్తుంది. ఈ జూదం తెలిసే చేస్తారు, ఎందుకంటే పోయిన భూమికి ఇది కొంతైనా బదులు. రవ్వ, బొచ్చె, కొర్రమీను పట్టే మత్స్యకారులకు మాత్రం జలాశయం నిండుగా ఉంటేనే జీవనం. ఒకే నీటి నుంచి ఒకరికి తగ్గుదల కావాలి, మరొకరికి నిండుదనం కావాలి.

ఇంతకూ సింగూరు కట్టింది ప్రధానంగా హైదరాబాద్ దాహం తీర్చడానికి. మూసీ వరదల తరువాత నిజాం కాలంలో కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నగరానికి చాలని రోజు వచ్చినప్పుడు ప్రభుత్వం చూపు మంజీర మీద పడింది. సంగారెడ్డి దగ్గర కల్పగూరులో కట్టిన మంజీరా బ్యారేజీ నుంచి 1965లో మొదటి దశ నీరు నగరానికి చేరింది, 1981లో రెండవ దశ వచ్చింది, సింగూరు నుంచి మూడు, నాలుగు దశలు 1990ల మొదట్లో పూర్తయ్యాయి. నగరవాసులు తరాలుగా కుళాయి నీటిని మంజీరా నీళ్లనే పిలిచారు. 2004లో కృష్ణ నీరు, 2015లో గోదావరి నీరు వచ్చే వరకు పెరుగుతున్న మహానగరాన్ని మోసినది ఈ వానచాటు నదే. ఈ ఋణం నగరం గుర్తుంచుకోవలసినది.

పంపకాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గోదావరి జలవివాదాల మీద జస్టిస్ బచావత్ అధ్యక్షతన ఏర్పడిన ట్రిబ్యునల్ 1980లో తుది తీర్పు ఇచ్చింది. అందులో 1975లో రాష్ట్రాలు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందాలు చేరాయి. ఆ ఒప్పందాల ప్రకారం మంజీర మీది నిజాంసాగర్ జలాశయానికి ఎగువన కొత్త ప్రాజెక్టుల కోసం మహారాష్ట్ర 22 టీఎంసీలకు, కర్ణాటక 13.10 టీఎంసీలకు మించకుండా వాడుకోవచ్చు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 30 టీఎంసీల నిల్వతో సింగూరు కట్టుకుని, హైదరాబాద్ తాగునీటికి 4 టీఎంసీలు తీసుకోవచ్చు. నిజాంసాగర్ కింద 58 టీఎంసీల వాడకం ఉంటుంది. కాగితం మీద ఈ లెక్క సరిపోయింది. కాని ఆ నీరు ఏటా రావాలి కదా. మంజీరలో ఏటా వచ్చే నీటికి సగటు చెప్పడం తేలికే, ఆ సగటు మీద బతకడమే కష్టం.

2016 ఆ కష్టాన్ని ఒకే ఏట రెండు రకాలుగా చూపింది. వరుస కరవులతో ఎగువన ధనేగావ్ జలాశయం అడుగంటింది. లాతూర్ నగరానికి సుమారు 340 కిలోమీటర్ల దూరంలోని మిరజ్ నుంచి రైలు వాగన్లలో నీరు తెచ్చారు. ఏప్రిల్ 12న చేరిన మొదటి రైలులో వచ్చినది 5 లక్షల లీటర్లు. జలదూత్ అని పేరు పెట్టిన ఆ రైళ్లను దేశమంతా చూసింది. అదే ఎండాకాలం సింగూరు, నిజాంసాగర్ జలాశయాలు కూడా ఎండి నేల పగుళ్లిచ్చాయి. అదే ఏడు సెప్టెంబరు నెలాఖరులో ఎగువన కుండపోతగా వానలు పడి, వచ్చిన వరదకు సింగూరు నిండి గేట్లు ఎత్తవలసి వచ్చింది. ఆరు నెలల వ్యవధిలో నీళ్ల రైలు నుంచి గేట్లు ఎత్తే వరకు వచ్చిన నదిని ఏ సగటుతోనూ కొలవలేము.

సింగూరుకూ కల్పగూరు బ్యారేజీకీ నడుమ ఉన్న మంజీర తీరం వేరే లోకం. సుమారు 36 కిలోమీటర్ల ఈ నిడివిలో 20 చదరపు కిలోమీటర్ల మేర 1978లో మంజీరా వన్యప్రాణి అభయారణ్యాన్ని ప్రకటించారు. నది మధ్యలో పుట్టిగడ్డ, బాపనగడ్డ, సంగంగడ్డ, కర్ణంగడ్డ వంటి పేర్లతో చిన్న లంకలు తొమ్మిది ఉన్నాయి. లంకను ఇక్కడ గడ్డ అంటారు. వాటి చుట్టూ జమ్ము దట్టంగా పెరుగుతుంది, తుమ్మ చెట్లు నీటి మీదికి వంగి ఉంటాయి. ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నత్తగుల్ల కొంగలు ఈ చెట్ల మీద గూళ్లు కడతాయి. తల మీద రెండు నల్లని పట్టీలున్న అడవి బాతులు చలికాలంలో మధ్య ఆసియా నుంచి హిమాలయాలను దాటి ఇక్కడికి వస్తాయి. నదికి ఎగువన, రేగడి మైదానాల్లో కృష్ణజింకల మందలు కూడా కనబడతాయి.

అభయారణ్యానికి పేరు తెచ్చినది మాత్రం మొసలి. మంచినీటి మడుగుల్లో బతికే ఈ జాతి మొసళ్లు దేశమంతటా తరిగిపోతున్న రోజుల్లో వాటిని కాపాడి పెంచడానికి మంజీరను ఎంచుకున్నారు. ఎండాకాలం మొదట్లో ఆడ మొసలి నీటి అంచుకు ఎగువన, వరద అందని మెత్తని నేల చూసుకుని, వెనుక కాళ్లతో గుంట తవ్వి పాతిక, ముప్పై దాకా గుడ్లు పెట్టి మట్టితో కప్పుతుంది. పిల్ల ఆడదో మగదో ఆ మట్టి వేడిమి నిర్ణయిస్తుంది: 32 డిగ్రీలకు కొంచెం అటూ ఇటూ ఉంటే మగపిల్లలు ఎక్కువ, అంతకంటే చల్లగా ఉన్నా బాగా వేడిగా ఉన్నా ఆడపిల్లలు ఎక్కువ. దాదాపు రెండు నెలలు గడిచి, తొలకరి సమీపించే వేళ గుడ్ల లోపలి నుంచి పిల్లలు అరుస్తాయి. ఆ అరుపు విని తల్లి మట్టిని తవ్వి, పిల్లలను పళ్ల మధ్య నొప్పి కలగకుండా పట్టుకుని నీటిలో విడుస్తుంది. ఈ వ్యవహారమంతా నిలిచేది ఒడ్డు మట్టి ఒడ్డుగా ఉన్నంతకాలమే. ఇసుక తవ్వకాలకు ఒడ్డు కూలినా, ఎండాకాలంలో హఠాత్తుగా నీటిమట్టం పెరిగినా ఒక ఏటి సంతానమంతా పోతుంది.

సంగారెడ్డి దగ్గర నది చేసే పని చూసేవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. అంతవరకు దాదాపు అయిదు వందల కిలోమీటర్లు తూర్పుగా, ఆగ్నేయంగా నడిచిన మంజీర ఇక్కడ ఎడమకు మళ్లి ఉత్తరానికి తిరుగుతుంది. సంగారెడ్డి, మెదక్ ప్రాంతానికి వచ్చేసరికి నల్లరాయి పోయి గ్రానైట్ రాతినేల వస్తుంది. ఇంతవరకు మట్టి కోసుకుంటూ నెమ్మదిగా వచ్చిన నీరు ఇక గుండ్ల మధ్య చీలుతూ పోతుంది. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల రసాయన వ్యర్థాలను ఏళ్ల తరబడి మోసుకొచ్చిన నక్కవాగు కలిసేది కూడా ఈ భాగంలోనే. ఒక చిన్న వాగు ఒక నదిని ఎంత దూరం చెడగొట్టగలదో నక్కవాగు ఒడ్డు ఊళ్ల బావులు చెప్పాయి.

గ్రానైట్ గుండ్ల మధ్య నది ఏడు పాయలుగా చీలే చోటే మెదక్ జిల్లా పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గరి ఏడుపాయల. జమదగ్ని, అత్రి, కశ్యప, విశ్వామిత్ర, వసిష్ఠ, భరద్వాజ, గౌతమ మహర్షుల పేర ఆ పాయలను పిలుస్తారు. రాతి గుహలో వెలసిన వనదుర్గా భవాని జాతరకు శివరాత్రి నాడు లక్షల్లో జనం వస్తారు. దానికి చేరువలో 1905లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో కట్టిన ఘనపురం ఆనకట్ట నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే రెండు కాలువలు ఇరువైపులా పొలాలకు నీరిస్తున్నాయి. నిల్వ చాలా తక్కువ, కాని నూరేళ్లు దాటినా పని ఆగలేదు.

దిగువన ఇప్పటి కామారెడ్డి జిల్లాలో ఉన్న నిజాంసాగర్ వేరే స్థాయి. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ ప్రాజెక్టును రూపొందించి కట్టించినవాడు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణ ఇంజినీర్ల దినంగా జరుపుకుంటున్నది. బోధన్, బాన్సువాడ ప్రాంతాలను వరి, చెరకు పొలాలుగా మార్చినది, 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలియడానికి దారి తీసినది ఈ నీరే. కట్టినప్పుడు 29.7 టీఎంసీలున్న దాని సామర్థ్యం పూడిక వల్ల 17.8 టీఎంసీలకు పడిపోయింది. పూడిక అంటే మరాఠ్వాడా నుంచి రాయికోడ్ దాకా ఎగువ చేలల్లో గట్లు లేక, చెట్లు లేక కొట్టుకుపోయిన రేగడి మట్టి. రైతు పొలంలో పోయిన సారమే జలాశయం అడుగున చేరి నీటి చోటును మింగింది కాబట్టి, ఎగువన ఒక చేనుకు గట్టు వేయడం అంటే దిగువన ఒక జలాశయానికి ఆయుష్షు పోయడమే. సింగూరు వచ్చాక ఎగువ మట్టి కొంత అక్కడే ఆగుతోంది, అంటే ఇప్పుడు ఆ వంతు సింగూరుకు వచ్చింది.

నిజాంసాగర్ దాటాక మంజీర బీర్కూరు, కోటగిరి, బోధన్ మండలాల అంచున, చాలాచోట్ల మహారాష్ట్రకూ తెలంగాణకూ హద్దుగా సాగి, నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలం కందకుర్తి దగ్గర 323 మీటర్ల ఎత్తున గోదావరిని చేరుతుంది. హరిద్ర అనే చిన్న నది కూడా అక్కడే కలుస్తుంది కాబట్టి అది త్రివేణీ సంగమం. గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ ఈ సంగమానికి ఎగువన ఉంది కాబట్టి, బాబ్లీ దిగువన శ్రీరాంసాగర్ జలాశయానికి అందే నీటిలో మంజీర వంతుకు ఎంతో విలువ ఉంది.

ఇప్పుడు మళ్లీ రాయికోడ్ వైపు చూడాలి. 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు అప్పటి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. సింగూరు వెనుక నీటి నుంచి ఎత్తి సంగమేశ్వర ద్వారా 2.19 లక్షల ఎకరాలకు, బసవేశ్వర ద్వారా 1.65 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది ఆ పథకాల లక్ష్యం. రెండింటికీ కలిపి కావలసినది 20 టీఎంసీలు. పీఠభూమికి నీరు ఎక్కించాలన్న కోరిక న్యాయమైనది, మునిగిన నేలకు ఆ హక్కు ఉంది. కాని 29.9 టీఎంసీల జలాశయం నుంచి 20 తీయడం వానచాటు నదిని నమ్ముకుని జరిగేది కాదు. అందుకే మల్లన్నసాగర్ జలాశయం మీదుగా గోదావరి నీటిని సింగూరుకు తేవాలన్నది ఆ ప్రణాళికలో భాగం. దానికి తోడు న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాల జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలి రూపుదిద్దుకుంటోంది, 2024 ఆగస్టులో కేంద్రం జహీరాబాద్‌ను పారిశ్రామిక నగరాల జాబితాలో చేర్చింది. ఈ కర్మాగారాలు నీరు అడుగుతాయి, వ్యర్థాలు వదులుతాయి, అవి ఉన్నదేమో నదికి ఎగువ వాలు మీద. నక్కవాగుకు జరిగినది ఇక్కడి వాగులకు జరిగితే అది నేరుగా సింగూరు జలాశయంలో, అంటే తాగునీటిలో తేలుతుంది.

కాబట్టి రాయికోడ్, న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో మంజీరకు దిగే ప్రతి వాగునూ, ప్రతి ఊటనూ గుర్తించి, వాటి హద్దులు కొలిచి, రాళ్లు పాతి, ఊరి రికార్డులో ఎక్కించే పని పరిశ్రమల కంటే ముందు జరగాలి. ఎత్తిపోతల నీరు ఎప్పుడు వస్తుందో అది ప్రభుత్వాల చేతిలో ఉంది. వాగు గట్టు, చేని గట్టు, కుంట శిఖం ఊరి చేతిలో ఉన్నాయి. గ్రామసభలు ఈ వానకాలంలోపే ఆ లెక్క మొదలుపెట్టాలి.